ఇంగ్లాండ్ పల్లె జిల్లాల్లో కౌన్సిల్ ఎన్నికలు: అక్కడున్న మనవాళ్లకూ ఓటుంది

మన బంధువుల్లో ఎవరో ఒకరి అబ్బాయో, అమ్మాయో చదువు కోసమో, ఆస్పత్రి ఉద్యోగానికో ఇంగ్లాండ్ వెళ్లే ఉంటారు. అందరూ లండన్, బర్మింగ్‌హామ్‌లోనే ఉండరు. పొలాల మధ్య చిన్న చిన్న ఊళ్లలో ఉండేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామంది "మనది ఇండియా పాస్‌పోర్టు కదా, ఇక్కడ మనకు ఓటెక్కడిది?" అనుకుంటారు. అది పొరపాటు. ఇండియా కామన్వెల్త్ దేశం. చెల్లుబాటయ్యే వీసాతో అక్కడ నివసిస్తూ, 18 ఏళ్లు నిండినవాళ్లు ఓటరుగా నమోదు కావచ్చు.

మన దగ్గర గ్రామ పంచాయతీ, మండలం, జిల్లా పరిషత్ ఉన్నట్టే అక్కడి పల్లె ప్రాంతాల్లో చాలాచోట్ల మూడు అంచెలుంటాయి. కింద పారిష్ కౌన్సిల్, మధ్యలో డిస్ట్రిక్ట్ కౌన్సిల్, పైన కౌంటీ కౌన్సిల్. బడులు, రోడ్లు, వృద్ధుల సంరక్షణ కౌంటీ చూస్తుంది. చెత్త తీసుకెళ్లడం, ఇళ్లులేనివాళ్లకు ఇల్లు, కట్టడాలకు అనుమతి డిస్ట్రిక్ట్ పని. అంటే ఒక పాత హాలును మసీదుగా మార్చుకోవాలన్నా దరఖాస్తు వెళ్లేది డిస్ట్రిక్ట్‌కే. కౌన్సిల్ ట్యాక్స్ వసూలు చేసేదీ అదే. కానీ అందులో పెద్ద వాటా కౌంటీకి పోతుంది.

ఎన్నికలు సాధారణంగా మే నెల మొదటి గురువారం జరుగుతాయి. చాలా పల్లె జిల్లాల్లో నాలుగేళ్లకోసారి అన్ని సీట్లకూ ఒకేసారి, కొన్నిచోట్ల మూడో వంతు సీట్లకు చొప్పున. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలిచినట్టు. లీడర్‌ను జనం నేరుగా ఎన్నుకోరు, గెలిచిన కౌన్సిలర్లు ఎన్నుకుంటారు.

ఒక్కో వార్డులో ఓటర్లు కొన్ని వేలమందే. వాళ్లలోనూ చాలాచోట్ల సగం మంది కూడా ఓటేయరు. అందుకే పది ఇళ్లవాళ్లు కదిలినా లెక్క మారొచ్చు. సఫోక్ కౌంటీలోని మిడ్ సఫోక్ జిల్లానే చూడండి. 2023 మే 4న అక్కడ 34 సీట్లలో 24 గ్రీన్ పార్టీ గెలుచుకుంది. ఇంగ్లాండ్‌లో ఒక కౌన్సిల్‌లో ఆ పార్టీకి పూర్తి మెజారిటీ రావడం అదే మొదటిసారి.

మరి ఓటు ఎలా వేయాలి? పోలింగుకు 12 పనిదినాల ముందే నమోదు పూర్తికావాలి. ఆన్‌లైన్‌లో కొద్ది నిమిషాల పని. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు. 2023 నుంచి ఫొటో గుర్తింపు తప్పనిసరి. ఇండియా పాస్‌పోర్టు చెల్లుతుంది, ఆధార్ చెల్లదు. నిఖాబ్ వేసుకున్న మహిళలు ముఖం చూపాల్సి వస్తే పక్కగదిలో లేదా తెర వెనుక, మహిళా సిబ్బందికే చూపిస్తామని అడగవచ్చు. పోలింగ్ కేంద్రానికి రాలేనివాళ్లు ముందే పోస్టల్ ఓటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వేలికి సిరా ఉండదు, మెషీన్ ఉండదు. కాగితం మీద పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టడమే.

ఇంకో మాట. జిల్లా, కౌంటీ రెండూ తీసేసి ఒకే కౌన్సిల్ పెట్టాలని ప్రభుత్వం 2024 డిసెంబర్‌లో ప్రతిపాదించింది. కాబట్టి మీ ప్రాంతంలో ఎన్నిక ఎప్పుడో మీ కౌన్సిల్‌నే అడగండి. చెత్తబండి రాలేదని ఫోన్లో విసుక్కునే పిల్లలకు ఈసారి అమ్మీ, అబ్బా ఒక్క మాట అడగాలి: "బేటా, ఓటు నమోదు చేయించుకున్నావా?"