రెక్కలు అవే, కొలువు వేరు

నూజివీడు అనగానే చిన్నరసాలూ, బంగినపల్లులూ గుర్తుకు రావడం సహజం. ఆ తోటలకు దగ్గరలోనే గన్నవరం విమానాశ్రయం వున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం అవసరాలకోసం వెలసిన ఆ మైదానం తరువాత ప్రయాణికుల పరమయింది. యుద్ధంలో సామగ్రి మోసిన డకోటా విమానాల కథా అంతే. 1945లో పుట్టిన హైదరాబాదు దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలతోనే ప్రయాణికులను చేరవేసి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయింది.

మైదానం మారింది, విమానం మారింది. మరి మనిషి మారడం అంత సులభమా?

దుండిగల్ అకాడమీలో రెక్కల బాడ్జీ అందుకున్న పిల్లలను చూసి మురిసిపోని తల్లిదండ్రులుండరు. 1994లో వాయుసేన తొలి మహిళా పైలట్లు వచ్చిందీ అక్కడినుంచే. అయితే షార్ట్ సర్వీసు కమిషన్‌లో చేరిన పైలట్ల కొలువు 14 ఏళ్లు. ఆఫీసరుకు పింఛను రావాలంటే సాధారణంగా 20 ఏళ్ల సర్వీసు కావాలి. 22వ ఏట చేరినవారు 36వ ఏట, పిల్లలు బడికి వెళ్లే వయసులో, పింఛను లేకుండా బయటికి వస్తారన్నమాట! ఎయిర్‌లైన్సులో 65 ఏళ్లదాకా ఎగరవచ్చు. కాని ఆ తలుపు దానంతట అది తెరుచుకోదు. యూనిఫారం మీద వుండగానే, రెండు మూడేళ్ల ముందునుంచే సిద్ధపడాలి.

మొదటిది కాగితాల పని. వాయుసేన బాడ్జీ లైసెన్సు కాదు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే లైసెన్సు వేరే పొందాలి. నావిగేషన్, వాతావరణశాస్త్రం, విమానయాన నిబంధనలు మళ్లీ చదవాలి. రేడియో లైసెన్సు, మొదటి తరగతి వైద్యపరీక్ష వుండనే వున్నాయి. కాప్టెన్‌కు కావలసిన పై లైసెన్సుకు 1500 గంటలు ఎగిరి వుండాలి. ఆ గంటలకు లాగ్‌బుక్కులో అధికారుల ధ్రువీకరణ వుండాలి. యుద్ధవిమానం ఒక్కోసారి ఎగిరేది గంటో, గంటన్నరో. కాబట్టి రవాణా విమానం నడిపినవారితో పోలిస్తే ఫైటర్ పైలట్‌కు గంటలు తక్కువే పోగవుతాయి. హెలికాప్టర్ లైసెన్సయితే విమానానికి చెల్లనే చెల్లదు.

రెండవది డబ్బు. ఎయిర్‌బస్సో, బోయింగో నడపడానికి ప్రత్యేక శిక్షణ కావాలి. చాలాసార్లు ఆ ఖర్చు లక్షల్లో, అభ్యర్థి నెత్తినే పడుతుంది. ఉద్యోగాలూ ఎప్పుడూ ఒక్కలా వుండవు. 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఎగరడం మానేశాయి. మధ్యలో 2020లో కోవిడ్ వచ్చిపడింది. అందుచేత ఏడాది ఇంటి ఖర్చు చేతిలో వుంచుకుని దిగడం మంచిది.

మూడవది అన్నిటికంటె కష్టం: మనసు. నిన్నటి స్క్వాడ్రన్ లీడర్ నేడు కుడివైపు సీట్లో కో-పైలట్. పక్కనున్న కాప్టెన్ తనకంటె చిన్నవాడు కావచ్చు. సైన్యంలో పెద్దవాడి మాటే ఆజ్ఞ. ఇక్కడ సందేహం కలిగితే చిన్నవాడు నోరు విప్పాలి, పెద్దవాడు చెవి వొగ్గాలి. 1977లో టెనెరిఫేలో రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. ఎదుటి విమానం రన్‌వే దాటిందా అని ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు, దాటిందన్నాడు కాప్టెన్. అది దాటలేదు! అటువంటి ప్రమాదాల తరువాతే, ఒకరి మాట ఒకరు వినడం పైలట్ల పాఠాల్లో చేరింది.

మన తోటల్లో అంటు కట్టినప్పుడు వేరు ఒక చెట్టుది, కొమ్మ మరొక చెట్టుది. వాయుసేన నేర్పిన క్రమశిక్షణ గట్టి వేరే. కాని కొత్త కొమ్మ అతకడానికి వ్యవధి కావాలి. కట్టిన ఏడాదే కాయలు కాయమంటే ఎట్లా?

కనుక ఇంట్లోవారికి ఒక్క మాట. కొత్త కొలువులో చేరిన మొదటి రెండు మూడేళ్లూ, “ఇంకా కాప్టెన్ కాలేదా?” అని అడగకండి. అదే మీరు చేయగల పెద్ద సాయం.