విస్తరణ ప్రయోగాలలో రైతు సమూహాల ఏర్పాటు: సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వవలసిన సమాచారం

ప్రయోగ క్షేత్రంలో ఒక మడికి వేసిన ఎరువు పక్క మడికి చేరకుండా గట్లు వేసుకుంటాము. రైతులతో చేసే విస్తరణ ప్రయోగంలో అటువంటి గట్టు ఉండదు. శ్రీహరికోట దీవికి పడమర, పులికాట్ సరస్సు చేరువలోని సూళ్లూరుపేట, తడ మండలాలలో చౌడు భూముల వరి సాగుపై ఫోను సందేశాల ప్రభావాన్ని పరీక్షించదలచామనుకొందాము. 240 మంది రైతుల పేర్లు ఇస్తే సాఫ్ట్‌వేర్ క్షణంలో 120 మంది చొప్పున రెండు సమూహాలు చేస్తుంది. అయితే సందేశం అందిన రైతు సాయంత్రానికల్లా దానిని పక్క పొలం రైతుకు పంపుతాడు. అది మంచిదే గాని, నియంత్రణ సమూహం ఇక నియంత్రణగా మిగలదు. సందేశం వలన కలిగిన తేడా లెక్కలో తగ్గి కనిపిస్తుంది.

కనుక కేటాయింపు రైతువారీగా గాక గ్రామంవారీగా జరగాలి. ఇది కొత్త ఆలోచన కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో, సుమారు 2,400 గ్రామాలలో ఇస్రో జరిపిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం 'సైట్'లో టీవీ ఉన్న గ్రామాలను, లేని గ్రామాలతో పోల్చి చూశారు. తెలుగులోనూ వ్యవసాయ కార్యక్రమాలు ప్రసారమైన ఆ ప్రయోగానికి వాడిన ఉపగ్రహం మాత్రం అమెరికాది. శ్రీహరికోట నుండి ఎగిరినది కాదు.

గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుంటే చెల్లించవలసిన మూల్యమొకటి ఉంది. ఒకే చెరువు నీటిని వాడేవారు, ఒకే దుకాణంలో విత్తనం కొనేవారు ఒకరినొకరు పోలి ఉంటారు. ఈ పోలికను తెలిపే సమూహాంతర్గత సహసంబంధ గుణకం 0.1 అనుకొందాము. గ్రామానికి 20 మంది చొప్పున 12 గ్రామాలు తీసుకుంటే డిజైన్ ప్రభావం 1 + (20 - 1) × 0.1 = 2.9. అంటే 240 మంది నుండి లభించే సమాచారం దాదాపు 83 మంది స్వతంత్ర రైతుల సమాచారంతో సమానం. అదే 240 మందిని 10 మంది చొప్పున 24 గ్రామాలలో తీసుకుంటే డిజైన్ ప్రభావం 1.9కి తగ్గి, ఆ సంఖ్య 126కు పెరుగుతుంది. తిరుగుడు ఖర్చు పెరిగినా గ్రామాల సంఖ్య పెంచడమే మేలు.

ఒక్కొక్కప్పుడు గ్రామమూ చాలదు. ఒకే గ్రామ వ్యవసాయ సహాయకుడు రెండు గ్రామాలు చూస్తుంటే, ఒక ఊరిలో నేర్పినది రెండవ ఊరిలో చెప్పకుండా ఉండమని ఆయనను కోరలేము. అక్కడ రైతు సేవా కేంద్రం పరిధిని ఒక క్లస్టర్‌గా నమోదు చేయాలి.

మడులకు యాదృచ్ఛిక బ్లాకు పద్ధతిలో కేటాయింపు చేయడానికి ఆర్ సాఫ్ట్‌వేర్‌లోని అగ్రికోలే ప్యాకేజీ చాలామంది విద్యార్థులకు పరిచితమే. రైతు సమూహాలకు రాండమైజర్ ప్యాకేజీ అనుకూలం. రైతుకు ఒక వరుస చొప్పున పట్టిక తయారు చేసి, క్లస్టర్‌కు ఒక నిలువు వరుస, బ్లాకుకు మరొకటి ఇవ్వాలి. సరస్సు ఒడ్డు చౌడు గ్రామాలు ఒక బ్లాకు, ఎగువన చెరువు కింద ఉన్నవి మరొక బ్లాకు కావచ్చు. ఒక క్లస్టర్ రెండు బ్లాకులలో కనిపిస్తే సాఫ్ట్‌వేర్ అంగీకరించదు. సాధారణంగా అది పట్టికలో ఊరి పేరు తప్పుగా పడినందువల్లనే. కేటాయింపుకు ముందు సీడ్ సంఖ్య నమోదు చేయాలి. సమూహాలు నచ్చేవరకు సీడ్ మార్చి మళ్లీ మళ్లీ నడిపితే అది యాదృచ్ఛిక కేటాయింపు అనిపించుకోదు.

సాఫ్ట్‌వేర్ సరిదిద్దలేని లోపం జాబితాలో ఉంటుంది. పట్టాదారు పాసుపుస్తకాల ఆధారంగా పేర్లు తీసుకుంటే కౌలు రైతులు, ఈ ప్రాంతంలో కూలికి వెళ్లే యానాది కుటుంబాలు మొదటే తప్పిపోతారు. నాటేది, కోసేది ఎక్కువగా వారే. ఆ జాబితాతో వచ్చిన ఫలితం భూయజమానులకే వర్తిస్తుందని వ్యాసంలో స్పష్టంగా రాయాలి, లేదా ఇంటింటి జాబితా తయారు చేసుకోవాలి. విశ్లేషణలోనూ క్లస్టర్‌ను యాదృచ్ఛిక ప్రభావంగా చేర్చాలి. 24 గ్రామాలకు కేటాయించి 240 మంది స్వతంత్రులన్నట్లు టి-పరీక్ష చేయడం సిద్ధాంత వ్యాసాలలో తరచుగా కనిపించే పొరపాటు.