ఉదయం పదింటి తర్వాత దొరికే పని

మన గిరావీన్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మొదటి ప్రశ్న "మీదే ఊరండీ?", రెండోది "మీరేం చేస్తున్నారు?". పిల్లలు బడికెళ్ళే వయసు వచ్చాక ఆ రెండో ప్రశ్న ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. పైకి కనిపించని జబ్బుతో ఉన్నవాళ్ళకి దానికి జవాబు చెప్పడం కష్టం. ఇది అలాంటి అక్కచెల్లెళ్ళ కోసం రాస్తున్నాను.

నేను బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను. గుంటూరులో రెండేళ్ళు ల్యాబ్‌లో పనిచేశాను. రెండో కాన్పు తర్వాత నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చింది. ఇది అరుగుదల వల్ల వచ్చే మోకాళ్ళ నొప్పి లాంటిది కాదు. మన రోగనిరోధక వ్యవస్థే మన కీళ్ళ మీద దాడి చేస్తుంది. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోతాయి. నాకు అవి సాగేసరికి పది అవుతుంది. మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే. శుక్రవారం రాత్రి వేసుకుంటాను, శనివారమంతా నీరసం.

అందుకే పని వెతికే ముందు ఒక కాగితం తీసుకుని రెండు వారాలు రాసుకున్నాను. ఏ గంటలో ఒంట్లో ఓపిక ఉంది, ఏ పని చేస్తే మర్నాడు మంచం పట్టాను అని. తేలిందేమిటంటే, పది దాటాక నాలుగు గంటలు కూర్చుని చేసే పని బాగానే చేయగలను. పైపెట్ పట్టుకుని రోజంతా బొటనవేలు నొక్కడం మాత్రం నా వల్ల కాదు. చదివిన చదువుకి దగ్గరైన ఉద్యోగం అదే. దాన్ని పక్కన పెట్టడానికి మనసు చాలా రోజులు ఒప్పుకోలేదు.

ఇక జబ్బు సంగతి చెప్పాలా, వద్దా? ఒకచోట ఇంటర్వ్యూ బాగా జరిగింది. చివర్లో నా ఆరోగ్యం గురించి చెప్పాను, తర్వాత ఫోన్ రాలేదు. కారణం అదేనని నిరూపించలేను. కానీ తర్వాత చదివి తెలుసుకున్నది ఇది: ఆ పనిలోని ముఖ్యమైన బాధ్యతలకో, భద్రతకో అడ్డు రానప్పుడు జబ్బు గురించి చెప్పితీరాలన్న నియమం ఇక్కడ లేదు. ఉద్యోగం ఖాయమయ్యాక, కావలసిన సర్దుబాటుతో కలిపి చెప్పొచ్చు.

1992 నాటి వికలాంగుల వివక్ష నిరోధక చట్టంలో దీర్ఘకాలిక జబ్బులు కూడా వస్తాయి. మన దేశంలో 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో ఈ జబ్బు పేరు లేదు. అందుకే ఆ మాట మనకి మింగుడు పడదు. ఫారంలో ఆ గడిలో టిక్ పెడుతున్నానని చెబితే అమ్మ ఫోన్‌లో, "ఆ మాట కాగితం మీద ఎక్కించకే, రేపు ఆడపిల్ల పెళ్ళికి అడ్డొస్తుంది" అంది. "అమ్మా, ఆ టిక్ లేకపోతే వాళ్ళు నాకు కుర్చీ కూడా ఇవ్వరు" అన్నాను. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. నేను టిక్ పెట్టాను.

ఆ కుర్చీ ఎక్కడి నుంచి వస్తుందంటే, జాబ్ యాక్సెస్ ద్వారా ఎంప్లాయ్‌మెంట్ అసిస్టెన్స్ ఫండ్ ఉంది. వారానికి కనీసం 8 గంటలు, 13 వారాలకు తగ్గకుండా సాగే ఉద్యోగమైతే తగిన కుర్చీ, హెడ్‌సెట్, మాట్లాడితే టైపు చేసే సాఫ్ట్‌వేర్ లాంటి వాటికి సాయం అడగొచ్చు. ఉద్యోగం వెతకడంలో సాయానికి 2025 నవంబర్ 1 నుంచి ఇంక్లూసివ్ ఎంప్లాయ్‌మెంట్ ఆస్ట్రేలియా అనే కొత్త పథకం నడుస్తోంది. వీసాను బట్టి అర్హత మారుతుంది కనుక ముందే కనుక్కోండి. డిసబిలిటీ సపోర్ట్ పెన్షన్‌కి మాత్రం సాధారణంగా పదేళ్ళ నివాసం కావాలి. కొత్తగా వచ్చిన మనలాంటివాళ్ళు దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోలేం.

క్యాజువల్ ఉద్యోగంలో గంటకి 25 శాతం ఎక్కువ ఇస్తారు, కానీ జీతంతో కూడిన సిక్ లీవ్ ఉండదు. పార్ట్‌టైమ్‌లో గంటలను బట్టి ఉంటుంది. ఎప్పుడు నొప్పి తిరగబెడుతుందో తెలియని మనకి ఆ సెలవులే ఎక్కువ విలువ. ఏడాది పూర్తయ్యాక పని వేళలు మార్చమని రాసి అడిగితే, యజమాని 21 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి.

నాకు దగ్గర్లోని ఒక క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ ఫోన్లు చూసే పని దొరికింది. మంగళ, బుధ, గురువారాలు, పదకొండు నుంచి మూడు వరకు. వచ్చే నెల చేరుతున్నాను. వారానికి పన్నెండు గంటలే, కానీ నా పేరు మీద జీతం, సూపర్ పడతాయి. దాంతోపాటు దుబాసీ పనికి నాటి సర్టిఫికేషన్ కోసం చదువుతున్నాను. ఫోన్‌లో ఇంటి నుంచే చేయొచ్చు. వీసా పాయింట్ల కోసం మనలో చాలామంది రాసే సీసీఎల్ పరీక్ష దీనికి సరిపోదు, ఇది వేరే పరీక్ష.

మీరూ ముందు ఆ రెండు వారాల కాగితం రాయండి. దాన్ని మీ జీపీకి చూపించి, జబ్బు పేరుతో ఆగకుండా ఎన్ని గంటలు కూర్చోగలరో, ఏది ఎత్తకూడదో, ఏ సర్దుబాటు కావాలో ఉత్తరంలో రాయించుకోండి. ఉద్యోగమిచ్చేవాళ్ళకి అక్కరకొచ్చేది ఆ వివరమే.