ఈత కొలను నీళ్లు: తేటగా ఉంటే చాలదా?

హైదరాబాద్ చుట్టుపక్కల మొయినాబాద్, శంకరపల్లి వైపు ఫామ్‌హౌస్ కట్టుకుని, అందులో చిన్న స్విమ్మింగ్ పూల్ పెట్టుకున్నవాళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది. "అడుగున పడ్డ రూపాయి బిళ్ల కూడా కనిపిస్తోంది కదా, ఇంకా మందెందుకు?" అడగాల్సిన ప్రశ్నే. జవాబుకు ముందు మన కొలనులో ఎన్ని నీళ్లున్నాయో తెలియాలి.

పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, లోతు సగటున మీటరుంబావు అనుకుందాం. మూడూ గుణిస్తే 40 ఘనపు మీటర్లు, అంటే 40,000 లీటర్లు. డాబా మీద పెట్టే వెయ్యి లీటర్ల ట్యాంకులు నలభై అన్నమాట. ఇకపై లెక్కలన్నీ ఈ కొలనుకే. మీది ఇందులో సగమైతే మందూ సగమే.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఇసుక ఫిల్టర్. పంపు తోడిన నీరు డ్రమ్ములోని ఇసుక గుండా కిందికి దిగుతుంది, నలుసులు ఇసుకలో చిక్కుకుంటాయి. 20 నుంచి 40 మైక్రాన్ల నలుసుల దాకా ఇది పట్టగలదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు కాబట్టి ఇసుక పనితనం తక్కువేమీ కాదు. కానీ బ్యాక్టీరియా ఒకటి రెండు మైక్రాన్లే ఉంటాయి. ఇసుక సందుల్లోంచి అవి హాయిగా దాటిపోతాయి. నీళ్లను తేటపరచడం వరకే ఫిల్టర్ పని. క్రిములను చంపాల్సింది క్లోరినే.

పంపు ఎంతసేపు తిప్పాలి? గంటకు 10,000 లీటర్లు తోడే పంపైతే నాలుగు గంటల్లో కొలనంతా వడగట్టినట్టే అనిపిస్తుంది. అలా జరగదు. వడగట్టిన నీరు తిరిగి అదే కొలనులో పడి మిగతా నీటితో కలిసిపోతుంది. కొంత నీరు రెండుసార్లు ఫిల్టర్‌లోకి వెళ్తే, కొంత ఒక్కసారీ వెళ్లదు. నీళ్లు బాగా కలుస్తున్నాయనుకున్నా, నాలుగు గంటలకు ఫిల్టర్ దాటే నీరు 63 శాతమే. ఎనిమిది గంటలకు 86, పన్నెండు గంటలకు 95 శాతం. మామూలు రోజుల్లో ఎనిమిది గంటలు, బంధువులంతా దిగిన ఆదివారం పన్నెండు గంటలు తిప్పమని నా సలహా. గంటకు సుమారు ఒక యూనిట్ చొప్పున నెలకు 240 యూనిట్లు కాలతాయి, నిజమే. బిల్లుకు భయపడి రెండు గంటలకు కుదిస్తే ఫిల్టర్‌కు అందేది 39 శాతం నీరే. మిగతాది పాచి రూపంలో కనిపిస్తుంది.

ఫిల్టర్ మీది ఒత్తిడి మీటరు ముల్లు, ఇసుక శుభ్రంగా ఉన్నప్పుడు ఎక్కడ నిలుస్తుందో అక్కడ మార్కర్‌తో గీత పెట్టండి. ముల్లు ఆ గీత కన్నా 8 నుంచి 10 పీఎస్ఐ పైకెక్కితే బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీటిని కిందినుంచి పైకి తోసి ఇసుకను కడగాలి. ముందు పంపు ఆపి, తర్వాతే వాల్వ్ పిడి తిప్పాలి. పక్కనున్న గాజు బుడ్డిలో నీరు మొదట టీ రంగులో వస్తుంది, రెండు మూడు నిమిషాల్లో తేటపడుతుంది. అప్పుడు ఆపి, అర నిమిషం రిన్స్ చేస్తే సరి. మూడు నిమిషాలకు 500 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్లు పాతిక పోతాయి. అందుకే ముల్లు అంత పైకెక్కకుండానే రోజూ కడగడం దండగ.

ఇక క్లోరిన్. దీన్ని పీపీఎంలలో కొలుస్తారు, అంటే పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు అని. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటే 1 పీపీఎం. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే కనీసం 1 పీపీఎం, పీహెచ్ 7 నుంచి 7.8. మన కొలనుకు 1 పీపీఎం అంటే 40 గ్రాముల క్లోరిన్, 65 శాతం క్లోరిన్ ఉండే పౌడరైతే 60 గ్రాముల పైచిలుకు. చిన్న టీ కప్పులో సగం. నలభై ట్యాంకులకు ఇంతేనా అనిపించవచ్చు. సీడీసీ లెక్కనే చూడండి: ఆ మోతాదులో ప్రమాదకరమైన ఈ-కోలి రకం నిమిషంలోపే చస్తుంది, హెపటైటిస్-ఏ వైరస్‌కు 16 నిమిషాలు, జియార్డియాకు 45 నిమిషాలు పడుతుంది. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం మాత్రం పది రోజులకు పైగా బతుకుతుంది. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే తగ్గేదాకా కొలనులో దింపవద్దని గట్టిగా చెప్పేది అందుకే.

పౌడర్ వేస్తూనే ఉన్నా నీళ్లు పచ్చబడుతున్నాయా? ముందు పీహెచ్ చూడండి. ఇది నీటిలోని పులుపు, క్షారాల కొలత. పీహెచ్ 7.5 దగ్గర, వేసిన క్లోరిన్‌లో క్రిములను బాగా చంపే రూపంలో ఉండేది సగం. 8 దగ్గర అది దాదాపు పావు వంతుకు పడిపోతుంది. మన బోరు నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువ కావడంతో, కొలనులో నిలిచాక పీహెచ్ దానంతటదే పైకెక్కుతుంది. ఫౌంటెన్ ఉంటే ఇంకా త్వరగా. కొద్దికొద్దిగా యాసిడ్ కలిపి, పంపు కొన్ని గంటలు తిరిగాక మళ్లీ కొలిచి, 7.2 నుంచి 7.6 మధ్య నిలపాలి.

ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని మందు ఆపేస్తారు. చాలాసార్లు సంగతి అందుకు విరుద్ధం. చెమట, మూత్రంతో కలిసి క్లోరిన్ క్లోరమైన్లుగా మారినప్పుడే ఆ వాసనా, కళ్ల మంటా. అలా మారిపోయిన క్లోరిన్ పెద్దగా పని చేయదు. దుకాణాల్లో చవకగా దొరికే పసుపు రంగు కిట్ మారిపోయిన క్లోరిన్‌నూ, మారకుండా మిగిలినదాన్నీ కలిపే చూపిస్తుంది. గులాబీ రంగు తేలే డీపీడీ కిట్ విడివిడిగా చెబుతుంది. మందుల మీద ఇంకో రూపాయి పెట్టేముందు ఇది కొనండి. మారిపోయిన క్లోరిన్ 1 పీపీఎం తేలితే, దానికి పదింతలు, అంటే పౌడర్ సుమారు 600 గ్రాములు సాయంత్రం వేసి, మోతాదు 4 పీపీఎం కిందికి దిగేదాకా ఎవరినీ దింపకూడదు. దిగేముందు ఒక్క నిమిషం షవర్ కింద నిలబడితే ఈ అవసరం చాలావరకు తప్పుతుంది.

ఎండలో రక్షణ లేని క్లోరిన్ గంటలోపే సగానికి తగ్గుతుంది. ఆ రక్షణ ఇచ్చేది సయనూరిక్ ఆమ్లం, వాడుకలో స్టెబిలైజర్. ఇది ఉన్న కొలనుకు కనీస క్లోరిన్ 2 పీపీఎం. తేలే డబ్బాలో పెట్టే టీసీసీఏ బిళ్లల్లో స్టెబిలైజర్ కలిసే ఉంటుంది, చిక్కూ అక్కడే. 1 పీపీఎం క్లోరిన్‌తోపాటు ఇవి 0.6 పీపీఎం స్టెబిలైజర్ వదులుతాయి. రోజుకు 2 పీపీఎం చొప్పున వాడితే నెలకు 36, మూడు నెలలకు వంద దాటుతుంది. 30 నుంచి 50 ఉంటే చాలు. నీరు ఆవిరైనా అది పోదు. మితిమీరితే కిట్‌లో క్లోరిన్ కనిపిస్తుంది కానీ క్రిములు త్వరగా చావవు. అప్పుడు సగం నీళ్లు పారబోయాలి, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ఊరెళ్లినప్పుడు మాత్రమే బిళ్లలు వాడండి. రోజువారీకి క్లోరిన్ ద్రవం మేలు, ఎందుకంటే పౌడర్‌లోని కాల్షియం అసలే గట్టిగా ఉండే బోరు నీటిని ఇంకా గట్టిపరచి టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది. ద్రవం వేడికి బలం కోల్పోతుంది కాబట్టి నెలకు సరిపడా మాత్రమే తెచ్చి నీడలో పెట్టుకోవాలి.

యాసిడ్, క్లోరిన్ ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు పుడుతుంది. బిళ్లలు, పౌడర్ కలిస్తే మంటలు లేవవచ్చు, పేలవచ్చు కూడా. పౌడర్‌ను బకెట్ నీటిలో వేయాలి గానీ పౌడర్ మీద నీళ్లు పోయకూడదు. ఒక దానికి వాడిన చెంచా మరో డబ్బాలో పెట్టకుండా, అన్నీ వేర్వేరుగా, పిల్లలకు అందని పొడి గదిలో ఉంచండి.