గంట కొట్టని గంటలు

తెలుగులో గంట అంటే కొట్టేదీ అదే, గడిచేదీ అదే. బడిలో ఈ రెండూ కలిసే నడుస్తాయి కనుక తేడా కనిపించదు. బీఈడీలో చేరి, పగలు పాఠం చెప్పి, రాత్రి హాస్టల్లో రికార్డు ముందు కూర్చున్న ఛాత్రోపాధ్యాయురాలికి మాత్రం ఆ తేడా బాగా తెలుస్తుంది. పొద్దున 45 నిమిషాల పీరియడును అయిదేసి నిమిషాల ముక్కలుగా పంచుకున్న మనిషే, రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు దాకా కాలం ఏమైపోయిందో చెప్పలేదు. అక్కడ గంట కొట్టడానికి అటెండరు లేడు మరి.

ఆమె మొదటి పాఠం ఎలా జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఏడో తరగతి, ఉష్ణోగ్రత పాఠం. పూర్వజ్ఞానాన్ని పరీక్షించడానికి పాఠ్య పథకంలో అయిదు నిమిషాలు రాసుకుంది. "జ్వరం వచ్చిందని ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. ఒకడు తన జ్వరం గురించి చెప్పాడు. రెండోవాడు తన చెల్లెలి జ్వరం, మూడోవాడు వాళ్ల తాత టైఫాయిడ్. థర్మామీటరు బల్ల మీద అలాగే ఉంది. పదిహేడో నిమిషంలో ఆమె వాచీ చూసుకుంది. కృత్యం మొదలయ్యేసరికి గంట కొట్టారు.

పని ఎంతసేపు పడుతుందో తక్కువగా అంచనా వేయడం మనుషులందరికీ ఉన్న జబ్బే. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నవాళ్లకు ఇది ముందే తెలుసు. మనస్తత్వ శాస్త్రంలో దీనికి పేరు పెట్టింది డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ, 1979లో. తెలుగులో దీన్ని ప్రణాళికా భ్రమ అనవచ్చు. తమాషా ఏమిటంటే ఆ కానెమన్ కూడా దీని బారిన పడ్డాడు, అదీ ఒక పాఠ్యపుస్తకం రాసే పనిలో. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పిల్లలకు నిర్ణయాలు తీసుకోవడం గురించి పాఠాలు తయారుచేసే బృందంలో ఆయన ఉన్నాడు. ఇంకెంత కాలం పడుతుందో ఎవరికి వారు కాగితం మీద రాయమంటే, దాదాపు అందరూ రెండేళ్లకు అటూ ఇటూగా రాశారు. తర్వాత ఆ బృందంలోనే ఉన్న విద్యా విభాగపు డీన్ సేమూర్ ఫాక్స్‌ను, ఇలాంటి బృందాలకు ఇంతకుముందు ఎంతకాలం పట్టిందని అడిగారు. ఆయన కాసేపు ఇబ్బంది పడి, సుమారు నలభై శాతం అసలు పూర్తే చేయలేదనీ, చేసినవాళ్లకు ఏడు నుంచి పదేళ్లు పట్టిందనీ చెప్పాడు. కాసేపటి క్రితం రెండేళ్ల అంచనా రాసినవాళ్లలో ఆయనా ఒకడు! చివరికి ఆ పని పూర్తికావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. అప్పటికి ప్రభుత్వానికి ఆసక్తి పోయి, పుస్తకం బడి ముఖమే చూడలేదు.

అనుభవం లేక కాదు, ఉన్న అనుభవాన్ని లెక్కలోకి తీసుకోక వచ్చే పొరపాటు ఇది. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైఖేల్ రాస్ కలిసి ప్రచురించిన పరిశోధనలో, సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులను ఎప్పటికి ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? దాదాపు 49 రోజులన్నారు. నిజంగా పట్టింది 55 రోజులకు పైనే. అంటే వాళ్లు ఊహించిన అతి చెడ్డ రోజు కూడా అసలు రోజు ముందు మంచిదే. అదే పక్కవాడి పని ఎప్పటికి అవుతుందని అడిగితే ఇంత ఆశ చూపలేదు. ఊరందరి లెక్కలూ సరిగ్గా చెప్పే కరణం సొంత ఇంటి లెక్క తప్పినట్టు.

దీనికి మందు కూడా పరిశోధకులు చెప్పారు. పాత పనులకు ఎంత పట్టిందో గుర్తుచేసుకుని, దాన్ని ఇప్పటి పనికి ముడిపెట్టాలి. పనిని విప్పి ముక్కలుగా రాసుకున్నా అంచనా నిజానికి దగ్గరవుతుందని 2004లో జస్టిన్ క్రూగర్, మాట్ ఎవన్స్ చూపించారు. "రేపటికి పాఠ్య పథకం రాయాలి" అన్నది ఒకే పనిలా కనిపిస్తుంది. విప్పితే అందులో పాఠం చదవడం, అభ్యసన ఫలితాలు రాయడం, కృత్యం వెతకడం, చార్టు కొనడానికి బజారుకు వెళ్లడం, బొమ్మ గీయడం, గైడ్ టీచరు సంతకం కోసం స్టాఫ్‌రూము బయట నిలబడడం అన్నీ ఉంటాయి. చివరిదానికి పట్టే కాలం ఏ పథకంలోనూ ఎవరూ రాయరు.

నా దృష్టిలో ఈ జబ్బుకు మంచి వైద్యం బీఈడీలోనే ఉంది. దాని పేరు సూక్ష్మ బోధన. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ పద్ధతికి మన దేశంలో స్థిరపడిన వలయం 36 నిమిషాలది. 6 నిమిషాలు బోధన, 6 ఫీడ్‌బ్యాక్, 12 నిమిషాలు మళ్లీ పథకం వేసుకోవడం, 6 మళ్లీ బోధన, 6 మళ్లీ ఫీడ్‌బ్యాక్. అందరూ దీన్ని బోధన నైపుణ్యాల కోసమే అనుకుంటారు. నాకైతే ఇది అంచనా వేయడంలో శిక్షణగా కనిపిస్తుంది. ఒక్క ప్రశ్నించే నైపుణ్యానికి ఆరు నిమిషాలు ఎంత చిన్నవో, తడబడుతున్నప్పుడు అవే ఎంత పెద్దవో ఒంటికి తెలుస్తుంది. పైగా మొత్తం కాలంలో మూడో వంతు దిద్దుకోవడానికే. మన సొంత చదువు టైంటేబుల్‌లో దిద్దుకోవడానికని ఒక్క గడి అయినా ఉంటుందా?

గడువుల సంగతీ ఇలాంటిదే. డాన్ ఏరియలీ, క్లాస్ వెర్టెన్‌బ్రోక్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక తరగతికి మూడు పేపర్ల గడువులు వారాల మధ్య సమానంగా పంచి ఇచ్చారు, ఇంకో తరగతికి స్వేచ్ఛ ఇచ్చారు. స్వేచ్ఛ ఉన్నవాళ్లలో చాలామంది చివరి రోజు దాకా ఆగకుండా తమకు తామే గడువులు పెట్టుకున్నారు. అయినా సమానంగా పంచిన గడువులవాళ్లకే మంచి మార్కులొచ్చాయి. ఒకప్పుడు మన ఊళ్లలో దయ్యాన్ని తప్పించుకోవడానికి తలుపు మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. రికార్డులకు ఆ మంత్రం పనిచేయదు.

ఇంకో వింత. టెట్‌లో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు, ప్రశ్నకో నిమిషం. అందులో శిశు వికాసం, పెడగాజీ భాగం కోసం ఎబ్బింగ్‌హాస్ విస్మృతి వక్రరేఖను అభ్యర్థులు బట్టీ పడతారు. చదివినది ఎంత వేగంగా మరిచిపోతామో 1885లోనే కొలిచి చూపినవాడాయన. ఆ వక్రరేఖనే పరీక్షకు ముందు రాత్రి చదివి, వారం తిరిగేసరికి మరిచిపోయేవాళ్లు ఎందరో! 2006లో రోడిగర్, కార్పిక్ చూపించినదేమిటంటే, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందుంటారు. వారం తర్వాత పెడితే, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్లు ముందుంటారు. రాత్రంతా చదివినదే చదవడం కన్నా పొద్దున బస్సులో కిటికీలోంచి చూస్తూ నిన్నటి పాఠాన్ని నెమరేసుకోవడం లాభమన్న మాట.

అయితే కాలాన్ని పిండుకోవడమే నేర్పు అనుకుంటే తరగతి గదిలో దెబ్బ తింటాం. సైన్సు తరగతులను రికార్డు చేసి విన్న మేరీ బడ్ రో 1970లలో ఒక విషయం గమనించింది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. ఆలోపు జవాబు రాకపోతే తామే చెప్పేస్తున్నారు, లేదా మరొకరిని లేపుతున్నారు. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబు చెప్పలేని సందర్భాలు తగ్గాయి, వెనక బెంచీవాళ్లూ నోరు విప్పారు. పీరియడు మొత్తంలో ఇరవై ప్రశ్నలు అడిగినా దీనికి అదనంగా పట్టేది నలభై సెకన్లే. కొత్త టీచరుకు మాత్రం ఆ మూడు సెకన్ల నిశ్శబ్దం చెమటలు పట్టిస్తుంది. వెనక బల్ల మీద సూపర్‌వైజరు కూర్చుని ఉంటే మరీనూ.

2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లదయ్యాక బడిలో గడపాల్సిన కాలం కనీసం 20 వారాలైంది. మన ఉష్ణోగ్రత టీచరు మూడో వారంలో పాఠ్య పథకాల నోటుబుక్కు చివరి పేజీలో రెండు గళ్లు గీసింది, "అనుకున్నది", "పట్టింది" అని. మొదటి వరుసలో ఇలా ఉంది: థర్మామీటరు చార్టు, అనుకున్నది అరగంట, పట్టింది గంటా నలభై నిమిషాలు. పక్కనే చిన్న అక్షరాలతో కారణం: ఎర్ర స్కెచ్ పెన్ను ఎండిపోయింది. తర్వాతి వారం, ఇంకో చార్టు. అనుకున్నది రెండు గంటలు. పట్టింది గంటా యాభై.