సర్వర్‌లో ఏ సర్వీసు ఉంచాలి, ఏది ఆపాలి? అపోహలు – వాస్తవాలు

కాలేజీ వెబ్‌సైటు కోసమో, చిన్న వ్యాపారం బిల్లింగ్ కోసమో నెల అద్దెకు ఒక లినక్స్ సర్వర్ తీసుకుంటాం. లాగిన్ అయి, నడుస్తున్న సర్వీసులేవో చూస్తే, మనం ఇంకా ఏమీ పెట్టకముందే ఇరవై దాకా పేర్లు వరసగా వస్తాయి. సగం ఎప్పుడూ విననివే. అది చూసి కొందరు దేన్నీ ముట్టుకోరు. ఇంకొందరు ఎవరో ఇచ్చిన ‘ఆపేయాల్సినవి’ చిట్టా తెచ్చుకుని వరసపెట్టి ఆపేస్తారు. రెండూ ప్రమాదమే. ఆ సర్వర్ ఏ పని కోసం ఉందో దాన్ని బట్టే ఏ సర్వీసు ఉండాలో తేలాలి.

అపోహ: ఇన్‌స్టాల్‌తో పాటే వచ్చాయంటే అన్నీ అవసరమైనవే.

వాస్తవం: లినక్స్ తయారుచేసేవాళ్లకు మీ సర్వర్ ఎలాంటిదో తెలియదు. అందుకే ఎవరికైనా పనికొచ్చేలా సర్ది పంపుతారు. ఉబుంటు సర్వర్‌లో కనిపించే మల్టీపాత్‌డీనే తీసుకోండి. ఒకే స్టోరేజీకి రెండు మూడు దారులు ఉండే పెద్ద డేటా సెంటర్లలో అది లేకపోతే కుదరదు. ఒకే వర్చువల్ డిస్కు ఉన్న అద్దె సర్వర్‌లో దానికి పనే లేదు. మొబైల్ డేటా మోడెమ్‌లను చూసుకునే మోడెమ్‌మేనేజర్ సంగతీ అంతే.

పైగా డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ ఎక్కిన మరుక్షణం దాని సర్వీసు కూడా మొదలైపోతుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో సాధారణంగా మనం చెప్పేదాకా మొదలవదు. ‘ఒకసారి చూద్దాం’ అని పెట్టినవి ఏళ్ల తరబడి నడుస్తూనే ఉండటానికి ఇదో కారణం.

ఉన్నట్టే తెలియని సర్వీసు ఎంత నష్టం చేయగలదో 2003 జనవరి 25న ప్రపంచం చూసింది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని లోపాన్ని వాడుకుని స్లామర్ అనే వార్మ్ దాదాపు 75 వేల యంత్రాల్లోకి దూరింది. అందులో ఎక్కువ భాగం మొదటి పది నిమిషాల్లోనే. ఆ లోపానికి ప్యాచ్ అంతకు ఆరు నెలల ముందే, 2002 జులైలోనే వచ్చింది. కానీ ఎంఎస్‌డీఈ అనే చిన్న రూపంలో ఆ డేటాబేస్ వేరే సాఫ్ట్‌వేర్లతో కలిసి దిగిపోయింది. తమ కంప్యూటర్లో అదొకటి ఉందనే చాలామందికి తెలియదు. తెలియనిదానికి ప్యాచ్ ఎవరు వేస్తారు?

అపోహ: సర్వీసులు ఆపితే సర్వర్ వేగం పుంజుకుంటుంది.

వాస్తవం: పని లేని సర్వీసు నిద్రపోతూ ఉంటుంది. ప్రాసెసర్‌ను దాదాపుగా వాడదు, మెమరీలో కొన్ని ఎంబీలు తీసుకుంటుందంతే. సైటు నెమ్మదిగా ఉంటే డేటాబేస్ క్వెరీలు చూడాలి, ఇండెక్సులు చూడాలి. సర్వీసులు తగ్గించడం వల్ల అసలు లాభం భద్రత. బయటి మాట వినే ప్రోగ్రాములు తగ్గితే ప్యాచ్ చేయాల్సినవీ తగ్గుతాయి.

అపోహ: ముందు ఫైర్‌వాల్ ఉంది కదా, లోపల ఏది నడిస్తే ఏం?

వాస్తవం: ఎక్కువమందిని ముంచేది ఈ నమ్మకమే. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ పెట్టి 22, 80, 443 పోర్టులు తప్ప అన్నీ మూసేశారనుకుందాం. తర్వాత రెడిస్ అనే డేటాబేస్‌ను డాకర్ కంటెయినర్‌లో పెట్టి 6379 పోర్టును పబ్లిష్ చేశారు. యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్ అడిగితే అంతా భద్రంగానే కనిపిస్తుంది. నిజానికి ఆ పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచే ఉంటుంది. డాకర్ తన రూల్స్ తానే రాసుకుంటుంది కాబట్టి, కంటెయినర్‌కు వెళ్లే ప్యాకెట్లు యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ దాకా రాకుండానే పక్కకు మళ్లిపోతాయి. మామూలుగా పెట్టిన రెడిస్‌లో పాస్‌వర్డ్ లేకపోతే బయటివాళ్లను ఆపే ప్రొటెక్టెడ్ మోడ్ ఉంటుంది. అధికారిక డాకర్ ఇమేజ్‌లో అది కూడా ఆఫ్ చేసి ఉంటుంది. అంటే పాస్‌వర్డ్ లేని డేటాబేస్ వీధిలోకి వచ్చినట్టే.

ఏది ఎవరి మాట వింటోందో తెలియాలంటే ఎస్ఎస్ కమాండ్‌తో వింటున్న పోర్టుల జాబితా తీసి చూడండి. పోర్టు ముందు 127.0.0.1 ఉంటే ఆ సర్వీసు ఈ సర్వర్ లోపలి మాటే వింటోంది. 0.0.0.0 ఉంటే ఏ దారిన వచ్చినా వింటోంది. పై ఉదాహరణలో పబ్లిష్ చేసేటప్పుడే పోర్టు ముందు 127.0.0.1 రాసి ఉంటే గొడవే ఉండేది కాదు. కాబట్టి ‘ఉంచాలా, ఆపాలా’ అన్న రెండే దారులు కాదు. ఉంచి, ఎవరి మాట వినాలో కట్టడి చేయడం కూడా ఒక దారి.

శత్రువు లోపలే ఉంటే ఫైర్‌వాల్ అసలు అడ్డే కాదు. 2021లో విండోస్ ప్రింట్ స్పూలర్‌లో బయటపడ్డ ‘ప్రింట్‌నైట్‌మేర్’ లోపంతో, మామూలు ఉద్యోగి ఖాతా చేతిలో ఉన్నా, సంస్థలోని ఖాతాలన్నిటినీ చూసుకునే డొమైన్ కంట్రోలర్‌ను సొంతం చేసుకునే వీలు కలిగింది. డొమైన్ కంట్రోలర్ నుంచి ఎవరూ ప్రింట్లు తీయరు. అయినా స్పూలర్ అక్కడ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది.

అపోహ: నేను వాడనివన్నీ ఆపేయొచ్చు.

వాస్తవం: మనం వాడకపోయినా మన కోసం నడిచేవి ఉంటాయి. గడియారాన్ని సరిచేసే క్రోనీ లాంటి సర్వీసును ఎవరూ ‘వాడరు’. అది ఆగాక సర్వర్ టైము మెల్లగా జరిగితే, ముప్పై సెకన్లకోసారి మారే ఓటీపీ కోడ్లు సరిపోలవు. ఐదు నిమిషాలు దాటితే కెర్బరోస్ లాగిన్లు ఆగుతాయి. రెండు సర్వర్ల లాగ్‌లు పక్కపక్కన పెడితే ఏది ముందు జరిగిందో తేలదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్‌ను రెన్యూ చేసే సర్ట్‌బాట్ టైమర్‌ను ఆపితే ఆ రోజు ఏమీ కాదు. 90 రోజుల గడువు తీరాక మాత్రం సైటుకు వచ్చిన ప్రతివారికీ బ్రౌజర్ హెచ్చరిక చూపిస్తుంది. అప్పటికి ఎప్పుడు ఏది ఆపామో మనకే గుర్తుండదు. పాత లాగ్‌లను తీసేసే లాగ్‌రొటేట్ ఆగితే డిస్కు నిండుతుంది. అందుకే సర్వీసులతో పాటు టైమర్ల జాబితా కూడా చూడాలి.

అపోహ: డిసేబుల్ చేశాం కాబట్టి ఆగిపోయినట్టే.

వాస్తవం: లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో స్టాప్ అంటే ఇప్పటికి ఆపడం. రీబూట్‌తో మళ్లీ లేస్తుంది. డిసేబుల్ అంటే రీబూట్‌లో తనంతట తాను లేవకుండా చేయడం. ఇప్పుడు నడుస్తున్నది మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఈ రెండూ చేసినా, వేరే సర్వీసు పిలిస్తే లేవచ్చు, దాని తరఫున కాచుకుని ఉన్న సాకెట్ యూనిట్ అయినా లేపవచ్చు. ప్రింటింగ్ సర్వీసు కప్స్‌కు అలాంటి సాకెట్ ఉంది. ఇక ఎవరు పిలిచినా లేవకూడదంటే మాస్క్ చేయాలి.

ఏది ఆపాలన్నా దాని మీద ఏవేవి ఆధారపడ్డాయో సిస్టమ్‌డీ కమాండ్ అయిన సిస్టమ్‌సీటీఎల్‌నే ముందు అడగండి. ఒకేసారి పది ఆపకండి. ఒకటి ఆపి, రీబూట్ చేసి, సైటు, బ్యాకప్, లాగిన్ మూడూ చూసుకుని తర్వాతదానికి వెళ్లండి. ఏది ఎందుకు ఉంచారో, ఏది ఏ తేదీన ఆపారో సర్వర్‌లోనే ఒక ఫైల్‌లో రాసి పెట్టండి. మీ తర్వాత ఆ సర్వర్‌ను చూసుకోబోయేవారికి ఆ ఫైలే కావాలి.