తగరపురపు నేతబట్టలు

షోలాపురమునందలి అశోక్ చౌక్ ప్రాంతమున, తెలంగాణము నుండి వచ్చి తరతరములుగా స్థిరపడిన పద్మశాలీల మగ్గముల చప్పుడు వినునపుడెల్ల, ప్రాచీన నాగరకతల ప్రసక్తి వచ్చినచో, నా మనస్సు ఈజిప్టు పిరమిడుల వంకకు గాని బాబిలోను ప్రాకారముల వంకకు గాని పోక, షోలాపురమున కుత్తరముగా ధారాశివ్ జిల్లాలో నున్న తేర్ గ్రామము వంకకే పోవును. శాతవాహనుల నాడు దాని పేరు తగరము.

క్రీ.శ. 1వ శతాబ్దమున గ్రీకుభాషలో రచింపబడిన 'పెరిప్లస్' అను సముద్రయాత్రాగ్రంథము, తగరము నుండి ముతకబట్టలును సన్నని వస్త్రములును బండ్లపై, బాటలు లేని విశాలప్రదేశములను దాటి, పడమటి తీరమందలి భరుకచ్ఛపు రేవునకు చేరుచుండెనని చెప్పుచున్నది. రాజుల శాసనములలో అరుదుగా దొరకు గౌరవము, పేరైనను తెలియని యొక వర్తకుని వ్రాతలో నేతపనికి లభించినది! నేటి పద్మశాలీలు ఆ తగరపు సాలెల సంతతివారనుట సాహసమే యగును. వృత్తి మాత్ర మొక్కటి.

తగరపు దూరదేశసంబంధములకు సాక్ష్యము ఆ గ్రంథము మాత్రమే కాదు. తేర్‌లో దొరకిన దంతపు స్త్రీప్రతిమకును, క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదక్రింద పూడిపోయిన పాంపేయి నగరమున బయల్పడిన భారతీయ దంతప్రతిమకును గల పోలికను పండితులు గుర్తించిరి. తగరపు ప్రాచీనవస్తువులు తేర్‌లోని లామతురే వస్తుప్రదర్శనశాలలో నున్నవి. షోలాపురమునకు దుప్పట్ల కొరకు పోవు పాఠకులు ఒక పూట అచ్చటికిని పోయి రావలయును.